ఆఖరి పొరలో లేని పాలపళ్ళు

పొద్దున పూట ఆమె ఉప్పు ముట్టదు. కారం సంగతి సరేసరి. పళ్ళు తోముకోవడం కూడా ఉత్త నీళ్ళతో, చూపుడు వేలితోనే. ఇంట్లో అందరూ టీలు తాగుతుంటే ఆమె గ్లాసుడు వేణ్ణీళ్ళు తాగి, కూతురికి జడలు వేసి, భోజనం డబ్బా సంచిలో పెట్టుకుని బస్సెక్కుతుంది. పన్నెండు దాటితే గానీ ఆ నాలుకకి టీ చుక్క దక్కదు. పదకొండేళ్ళుగా ఇదే వరస. జ్వరం వచ్చి నోరు చేదెక్కిన రోజున మాత్రం సెలవు.

ఆమె ఉద్యోగం పెద్ద మ్యూజియంలో, ఎముకల విభాగంలో. చేరడం ఊడ్చే పనికే చేరింది. తవ్వకాల నుంచి వచ్చిన ముక్క ఎముకో రాయో తేలకపోతే ఆ విభాగంలో అందరూ చేసేది ఒకటే, నాలుక్కి ఆనించడం. రాయైతే జారిపోతుంది, పాత ఎముకైతే అతుక్కుంటుంది. విరిగిన ఎముకల్ని అతికించే ముసలాయన ఒకాయన అక్కడ ఉన్నాడు, అందరూ జిగురు తాత అంటారు. ఆయన చేస్తుంటే చూసి, ఓ రోజు ఆమె కూడా చీపురు గోడకి ఆనించి, బల్ల కింద పడిన ముక్కని నాలుక మీద పెట్టుకుంది. అది అతుక్కుంది. అతుక్కుని, ఆ జంతువు ఎలా చచ్చిపోయిందో చెప్పింది.

“చలికి పోయింది తాతా,” అంది ఆమె. “ముసలిది. పక్కన ఎవరూ లేరు పాపం.”

తాత చేతిలో బ్రష్షు కింద పెట్టకుండానే, “పెద్దసారుకి చెప్పు తల్లీ. రిజిస్టర్లో ఆ గడి ఎప్పట్నుంచో ఖాళీగా పడుంది,” అన్నాడు.

అంతే. ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. ఆఫీసులో నాలుగు రోజులు తర్జనభర్జన జరిగిందల్లా ఆమె కుర్చీ ఏ కిటికీ పక్కన వెయ్యాలన్న దాని మీదే. ఆ తర్వాత రిజిస్టర్లో పొడవు, బరువు, దొరికిన చోటు అన్న గళ్ళ పక్కన ‘రుచి’ అని ఇంకో గడి గీశారు. జనం ఆమెని నాలుకమ్మ అనడం మొదలుపెట్టారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఈ పదకొండేళ్ళలో ఆ నాలుక మీదికి రాని భూతం లేదు. మనిషికి ఒకటిన్నర రెట్లు ఎత్తుండి, ఎగరలేక పరుగెత్తి వేటాడే పక్షి ఒకటి వచ్చింది. దాని ముక్కు చూస్తే కట్టెలు కొట్టే గొడ్డలి గుర్తుకొచ్చింది అందరికీ. నాలుక మీద పెడితే ఉత్త ఆకలి. తనకన్నా చిన్నవి, గుంపులుగా తిరిగేవి ఎక్కడినుంచో వచ్చి దాని నోటి దగ్గరి కూడు లాగేసుకున్నాయి. బస్సు పొడవున్న మొసలి దవడ వచ్చింది. అందులో నెర్రెలిచ్చిన బురద, దాహం. వెనక కాళ్ళ మీద లేస్తే మేడ కిటికీలోంచి తొంగిచూడగల ఎలుగుబంటి వచ్చింది. అది కరగని మంచులో, ఏళ్ళ తరబడి రాని ఎండ కోసం చూసి చూసి పోయింది.

“ఇంతేసి కోరలు, ఇంతేసి గోళ్ళు పెట్టుకుని ఏం లాభం తాతా,” అనేది ఆమె. “ఒక్కటీ పోట్లాడి చావలేదు. అన్నీ ఎదురుచూసి చచ్చాయి.”

ఆమె ఇల్లు ఊరి చివర, కొలిమి వీధిలో. వీధిలో ఇరవై గడపలుంటే ఇరవై పెరళ్ళలోనూ కొలుములే. పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి పలకల్ని ఇనప మూకుళ్ళలో కరిగించి, సీసం దిమ్మలు పోస్తారు. పొద్దెక్కేసరికి వీధి మీద సన్నటి పొగ పరుచుకుంటుంది, ఆరేసిన బట్టల మీద బూడిదరంగు దుమ్ము పడుతుంది. దులిపి కట్టుకుంటారు. వీధి నడిమి బావి నీళ్ళు కాస్త తీపిగా ఉంటాయని అక్కడివాళ్ళకి గొప్ప. చుట్టాలు వస్తే వెళ్ళేటప్పుడు సీసాల్లో పట్టి ఇచ్చేవాళ్ళు.

ఇల్లు బావగారిది, అంటే ఆమె భర్త అన్నగారిది. భర్త పోయి రెండేళ్ళయింది. పోయే ముందు ఆరు నెలలు అతని మణికట్లు రెండూ వేలాడిపోయాయి. గ్లాసు ఇస్తే జారిపోయేది, చొక్కా గుండీ పెట్టుకోలేక పిల్లాడిలా ఏడ్చేవాడు. నరాల బలహీనత అన్నారు, మందులిచ్చారు. అన్నదమ్ములిద్దరూ కలిసి చేసిన పని ఇప్పుడు బావగారు ఒక్కడే చేస్తున్నాడు. మంచి మనిషి. తమ్ముడి భార్యనీ, తమ్ముడి కూతుర్నీ ఏనాడూ పరాయిగా చూడలేదు.

తోడికోడలిని ఆమె అక్కా అని పిలుస్తుంది. అక్కకి నోరెక్కువ, ప్రేమ అంతకన్నా ఎక్కువ. అక్కకి ఇప్పుడు నాలుగో నెల. ఇంతకు ముందు మూడుసార్లు నిలిచింది, మూడుసార్లూ అయిదో నెల గడవలేదు. మూడోసారి తర్వాత ఉయ్యాలని అటకెక్కించి, దాని మీద బొగ్గుల గోతాం పడేసింది. ఈసారి ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. వారం తిరక్కుండా వీధంతా తెలిసిపోయింది, ఎందుకంటే చెప్పింది అక్కే. వంటింటి తలుపు వెనక రోజుకొక సుద్ద గీత గీస్తుంది. ఆ గీతల్ని నాలుకమ్మ రోజూ లెక్కపెట్టుకునేది.

ఆమె కూతురికి ఆరేళ్ళు. వీధంతా దాన్ని బుడ్డది అంటుంది. కడుపునొప్పి అని తరచూ ముడుచుకు పడుకుంటుంది. పదిదాకా లెక్కపెట్టమంటే ఏడు దగ్గర ఆగి, మళ్ళీ మొదటికొస్తుంది. పంతులమ్మ మొద్దు అంది. పెద్దమ్మ ఆ పంతులమ్మని బడి ముందే నిలబెట్టి కడిగేసింది.

ఆ ఏడాది మ్యూజియానికి గోతాలకొద్దీ ఎముకలు వచ్చాయి. ఎక్కడో ఎండిపోయిన పాత సరస్సు అడుగున కాలవ తవ్వుతుంటే కోరపులులు బయటపడ్డాయి, ఒకటీ రెండూ కాదు, నలభైకి పైగా. ఎద్దంత ఒళ్ళు, పై దవడ నుంచి గడ్డం కిందికి దిగే జానెడు కోరలు. వాటి కోసమే పెద్దసారు కొత్త గది కట్టిస్తున్నాడు. ‘భయంకర జంతువుల గది’ అని గుమ్మం మీద అక్షరాలు అప్పుడే చెక్కేశారు. ప్రారంభం రెండు నెలల్లో. ఒక్కో జంతువు పక్కన ఒక్కో రాతిపలక, దాని మీద అది ఎందుకు అంతరించిందో ఒక్క ముక్కలో.

సరస్సు అడుగున మట్టి పొరలు పొరలుగా ఉంది. కింది పొరల్లోని ఎముకలు ఆమెకి ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఒకటి ముసలితనంతో పోయింది, ఒకటి కాలు విరిగి, ఒకటి అడవిదున్న కొమ్ము దిగి. ఆఖరి పొరలోది మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే ఆమె మొహం అదోలా అయింది. రెండోది పెట్టుకుంది. మూడోది. అన్నీ ఒకటే.

“తియ్యగా ఉంది సార్,” అంది.

పెద్దసారు కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని దాని కోసమే బల్లంతా వెతుకుతున్నాడు. “తియ్యగానా?”

“అవును సార్. మెత్తటి తీపి. నాకు బాగా తెలిసిన రుచే. ఎక్కడిదో గుర్తు రావట్లేదు గానీ, రోజూ తినే రుచి.”

“అమ్మా, ఒక్క దెబ్బకి దున్నపోతు మెడ తెంపే జంతువిది. దీని పక్కన ‘తీపి వల్ల అంతరించినది’ అని రాయిస్తే జనం నా మొహాన ఉమ్మేస్తారు. నిప్పుల వాన కాదా? వరద? పోనీ ఇంకో పెద్ద జంతువు?”

“కాదు సార్.”

“పోనీ ఆకలి అందాం. ఆకలి ఎప్పుడూ తప్పు కాదు.”

ఆమెకి బస్సు వేళయింది. అక్కని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. రాతిపలకలు చెక్కేవాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. “మీ ఇష్టం సార్,” అంది. గుమాస్తా రుచి గడిలో ‘ఆకలి’ అని రాశాడు, ఆమె పక్కన సంతకం పెట్టింది. పదకొండేళ్ళలో ఆ రిజిస్టర్లో పడిన మొదటి అబద్ధం అదే. బస్సులో కూర్చున్నంతసేపూ ఎవరిదో వస్తువు తీసుకొచ్చేసినట్టు ఆమెకి ఒళ్ళు సర్దుకోలేదు.

మర్నాడు జిగురు తాత పళ్ళు వేరు చేస్తున్నాడు. ఒక్కో పొరకి ఒక్కో చెక్క పళ్ళెం, పళ్ళెంలో చిన్న చిన్న గళ్ళు. కింది పొరల పళ్ళేల్లో ఒక గడి నిండా గుప్పెడేసి పాలపళ్ళున్నాయి, చిటికెన వేలంత చిన్న కోరలు. ఆఖరి పొర పళ్ళెంలో ఆ గడి ఖాళీ.

“పోగొట్టావా తాతా?”

“నేనేం పోగొడతాను. మట్టంతా మూడుసార్లు జల్లెడ పట్టించాను. ఒక్కటి లేదు. ఉన్నవన్నీ అరిగిపోయిన ముసలి పళ్ళే.” తాత ఆ ఖాళీ గడిని బ్రష్షుతో ఊరికే తుడిచాడు. “ఇవి ఒక్కరోజున చచ్చినవి కాదు తల్లీ. పుట్టడం ఆగిపోయింది. మిగిలినవి ముసలివై పోయాయి. అంతే సంగతి.”

ఆమె ఊఁ అని తన కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయింది. మనకి చాలాసార్లు ఇలాగే అవుతుంది. చెప్పేవాడు చెబుతాడు, వినేవాళ్ళం వింటాం, మాట మాత్రం దారి తప్పి తర్వాతెప్పుడో ఇంటికొస్తుంది.

అది మూడు రోజుల తర్వాత, పొద్దున జడలు వేసేటప్పుడు వచ్చింది. వారంగా ఊగుతున్న కింది పన్ను బుడ్డదాని చేతిలోకి ఊడిపడింది. నెత్తురు చూసి అది ఏడుపు మొదలుపెట్టేలోపు, “అబ్బో, నా తల్లి పెద్దదైపోయింది,” అని అమ్మ పన్ను తీసుకుని కడిగింది. కడిగాక అలవాటు కొద్దీ, చెయ్యి దానంతటదే వెళ్ళి, నాలుక మీద పెట్టుకుంది.

తియ్యగా ఉంది.

మెత్తటి తీపి, ఆఖరి పొర రుచి, రోజూ తినే రుచి. ఆ నాలుకకి చావు తప్ప వేరే భాష రాదు. బతికున్న మనిషి పన్ను దాని మీద ఎప్పుడూ పలకలేదు, పలక్కూడదు. ఎదురుగా కూతురు నోరు తెరిచి సందు చూపిస్తూ నవ్వుతోంది. ఆమె పన్ను కొంగుకి ముడి వేసుకుని, సగం అల్లిన జడ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. భయమంటే ఏమిటో ఆమెకి అప్పుడు తెలిసింది. జానెడు కోరల్ని చేత్తో పట్టుకున్నప్పుడు ఎన్నడూ తెలియలేదు.

బస్సు స్టాపుకి నడుస్తూ ఇళ్ళు లెక్కపెట్టింది. మొదటింట్లో పిల్లలిద్దరూ పనికి వెళ్ళే వయసువాళ్ళు. రెండో ఇంట్లో కోడలికి రెండుసార్లు పోయింది. మూడో ఇంట్లో ఎవరూ లేరు. నాలుగో ఇంట్లో పుట్టి తొమ్మిది రోజులుంది. ఇరవై గడపలూ అయిపోయాయి. తన బుడ్డదానికన్నా చిన్నపిల్ల వీధిలో లేదు. దాని తర్వాత కొలిమి వీధిలో ఇంకెవరికీ ఒక్క పాలపన్ను మొలవలేదు. ఆఖరి పొర రిజిస్టర్లో ఉందనుకుంది. పొద్దున్నే గుమ్మం ముందు తను నీళ్ళు చల్లి ఊడుస్తున్నది దాన్నేనని ఇప్పుడు తెలిసింది.

పన్ను తీసుకెళ్ళి పెద్దసారు బల్ల మీద పెట్టింది. ఏం చెప్పాలో తెలియక, “మొన్న నేను అబద్ధానికి సంతకం పెట్టాను సార్,” అంది. ఆ తర్వాత మిగతాదంతా చెప్పింది.

పెద్దసారు భూతద్దం తీశాడు. చాలాసేపు పన్ను చూశాడు. ఆయన గొప్పలు చెప్పుకునే మనిషే గానీ, ఎముక చేతికొస్తే ఆ గొప్పలన్నీ పక్కన పెట్టగల మనిషి కూడా. ఆఖరి పొర మట్టిని చిన్న డబ్బాలో వేసి, కొలిమి వీధి బావి నీళ్ళు సీసాలో తెప్పించి, రెండూ పరీక్షకి పంపాడు. వారంలో కాగితాలొచ్చాయి. రెండింటిలోనూ సీసమే.

“సరస్సుకి ఎగువన కొండ ఉంది,” అన్నాడు ఆయన. “అది ఎప్పుడో విరిగింది. లోపలి సీసపు రాయి మీంచి నీళ్ళు పారి సరస్సులోకి దిగాయి. సీసం కలిస్తే నీళ్ళు తియ్యబడతాయి. ఒడ్డున పాదాల గుర్తులున్నాయి, దూరాల నుంచి వచ్చినవి. మంచి నీళ్ళు వదిలేసి మరీ ఈ తీపి నీళ్ళకి వచ్చేవి.”

“నా కూతురు సార్?”

ఆయన పన్నుని కాగితాల పక్కన పెట్టాడు. “పాలపళ్ళు ఇప్పుడు తయారైనవి కావమ్మా. తల్లి కడుపులో నాలుగో నెల నుంచే తయారవుతాయి. ముందు కొన, తర్వాత కిందికి. దీని ఇరవై పళ్ళూ ఇలాగే ఉంటాయి.”

అంటే ఆ తీపి తననుంచే వెళ్ళింది. ఆమె కుర్చీ అంచు పట్టుకుంది.

“అయినా ఇది పుట్టింది, బతికింది,” అన్నాడు పెద్దసారు మెల్లగా. “ఎందుకో తెలుసా? నువ్వు పగలంతా ఇక్కడున్నావు. ఇక్కడి నీళ్ళు తాగావు, ఇక్కడి గాలి పీల్చావు. ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఒంట్లోంచి దిగడానికి ఏళ్ళు పడుతుంది, దిగుతుంది. కానీ ఆ వీధిలో ఉంటే దిగదు.”

ఆ సాయంత్రం ఆమె ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. వాళ్ళు నమ్మలేదని అనుకుంటే పొరపాటు. ఆమె నాలుకని వీధిలో నమ్మనివాళ్ళు ఎవరూ లేరు. బావగారు మసి చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ విన్నాడు.

“తమ్ముడు కూడా అందుకే పోయాడా?” అన్నాడు చివరికి.

“అందుకే బావగారూ.”

“ఊఁ.” మసి అరచేతులు పంచెకి తుడుచుకున్నాడు. “నీ నాలుక అబద్ధం చెప్పదమ్మా, నాకు తెలుసు. కానీ నాకు పదేళ్ళప్పట్నుంచీ ఈ మూకుడు తప్ప ఏం తెలుసు చెప్పు? దిమ్మ చూసి ఎవరు పోశారో చెప్పగలను. ఇంకో పని దగ్గరికి వెళ్తే నన్ను గుమ్మంలోనే ఆపేస్తారు. వీధంతా చేస్తోంది. నేనొక్కణ్ణి ఆపితే గాలి ఆగుతుందా?”

“మీరు ఆపకపోయినా సరే. అక్కని నాతో పంపండి. మ్యూజియం వెనక తాత గది ఉంది, ఇస్తానన్నాడు. పిల్లనీ అక్కనీ నేను చూసుకుంటాను.”

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి విన్న అక్క ఒక్కసారిగా మీదికి వచ్చినంత పని చేసింది. “ఏమేవ్, ఎక్కడికే పంపేది నన్ను? మూడు పోయినప్పుడు ఈ ఇంట్లోనే ఏడ్చాను, నాలుగోది ఈ ఇంట్లోనే కంటాను. చచ్చిన పులుల్ని నాకి నాకి నీకు అన్నీ చచ్చినట్టే కనిపిస్తున్నాయి. నా కడుపు మీద నీ నాలుక పెట్టకు!”

అని వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపల సుద్ద గీసిన చప్పుడు వినిపించింది. ఆ రోజుకి ఒకసారి గీసేసింది, కోపంలో రెండోసారి గీసిందన్నమాట.

నాలుకమ్మ కూతుర్ని తీసుకుని మర్నాడే తాత గదికి మారింది. తాత తన మంచం వరండాలోకి లాక్కుని, ఎముకల మధ్య నిద్ర హాయిగా ఉంటుంది, అవి గురక పెట్టవు అన్నాడు. బుడ్డది రోజూ ఆసుపత్రి చేదు మందు మింగి, తర్వాత కోరపులి కాళ్ళ మధ్య కూర్చుని ఏడు దాకా లెక్కపెట్టేది. ఆమె రోజు విడిచి రోజు కొలిమి వీధికి వెళ్ళి, క్యానులో మ్యూజియం నీళ్ళు అక్క గుమ్మంలో పెట్టి వచ్చేది. అక్క మాట్లాడేది కాదు. క్యాను మాత్రం మర్నాటికి ఖాళీగా బయట ఉండేది. తాగిందో పారబోసిందో తెలిసేది కాదు. నాలుగో నెల అయిపోయింది. అయిదో నెల వచ్చింది.

ఇక్కడ మ్యూజియంలో ఆమె పట్టు పట్టింది. రిజిస్టర్లో ‘ఆకలి’ కొట్టేసి ‘తీపి నీళ్ళు’ అని తన చేత్తో రాసింది. రాతిపలక మళ్ళీ చెక్కించారు. అంతటితో ఊరుకోలేదు. తాత పళ్ళేలు కూడా వరసగా గదిలో పెట్టాలంది, ఖాళీ గడితో సహా.

“ఖాళీ గడి చూడ్డానికి ఎవరొస్తారమ్మా?” అన్నాడు పెద్దసారు.

“ఒకరొస్తే చాలు సార్.”

ప్రారంభం రోజున ఉద్యోగుల ఇళ్ళవాళ్ళందరికీ పిలుపు వెళ్ళింది. కొలిమి వీధి మొత్తం ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చింది. బావగారు వచ్చాడు. అక్క కూడా వచ్చింది, చెల్లెలి కోసం కాదు, బుడ్డదాన్ని చూసి నెల దాటింది కాబట్టి వచ్చింది. జనం పెద్ద పక్షి ముందు కెవ్వుమన్నారు, మొసలి నోట్లో తలపెట్టి నవ్వుకున్నారు, కోరపులి దగ్గర పిల్లల్ని ఎత్తుకుని చూపించారు. బుడ్డది పెద్దమ్మ చెయ్యి పట్టుకుని గదంతా తిప్పింది. తిప్పి తిప్పి పళ్ళేల దగ్గరికి తీసుకొచ్చింది.

“ఇవి పిల్లపులుల పళ్ళు పెద్దమ్మా. ఇవి కూడా. ఇవి కూడా. ఇందులో ఏం లేవు.”

“ఎందుకు లేవే?”

“పుట్టలేదు. తాత చెప్పాడు. తల్లులు తియ్యటి నీళ్ళు తాగాయి.”

అక్క ఆ ఖాళీ గడి ముందు నిలబడింది. అరచెయ్యంత గడి. అడుగున నల్లటి గుడ్డ పరిచి ఉంది. జనం ఆమెని తోసుకుంటూ కోరల వైపు వెళ్తున్నారు. ఒక చెయ్యి కడుపు మీద వేసుకుని, రెండో చెయ్యి అద్దానికి ఆనించి ఎంతసేపు నిలబడిందో ఎవరూ చూడలేదు, ఒక్క నాలుకమ్మ తప్ప. దగ్గరికి వెళ్ళాలనిపించింది. వెళ్ళలేదు.

మూసే వేళయింది. గంట కొట్టారు, జనం బయటికి నడిచారు. అక్క మాత్రం గది మధ్యలో ఉన్న చెక్కబల్ల మీద కూర్చుని ఉంది. బావగారు వచ్చి, “పదవే, బస్సు పోతుంది,” అన్నాడు.

“నువ్వెళ్ళు,” అంది అక్క.

“అదేంటి?”

“నేను రాను. ఇక్కడే ఉంటాను.” గొంతులో కోపం లేదు, ఆమెని అలా ఎవరూ ఎప్పుడూ వినలేదు. “మూడింటినీ నేనే తాగించి చంపాను. దీన్ని చంపను. నువ్వు వస్తే రా. రాకపోతే కొలిమి దగ్గరికే పో.”

బావగారు చేతులు చూసుకున్నాడు. ఎడమ మణికట్టు అప్పటికే కొంచెం కిందికి వాలుతోంది. అది ఆయనకి తెలుసు, అక్కకీ తెలుసు. “వారానికోసారి వచ్చి చూసిపోతాలే,” అని, బుడ్డదాని తల నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు.

అన్నట్టే వారానికోసారి వచ్చేవాడు. మ్యూజియం వీధి కొసన పంపు దగ్గర మోచేతుల దాకా రుద్ది కడుక్కుని, సంచిలో తెచ్చుకున్న వేరే చొక్కా వేసుకుని, అప్పుడు గుమ్మం దాకా వచ్చేవాడు. లోపలికి రమ్మన్నా వచ్చేవాడు కాదు. గుండీలు అక్క పెట్టేది. వానలు మొదలయ్యాక రెండు వారాలు రాలేదు. మూడో వారం ఆయన బదులు ఆయన కబురు వచ్చింది. గరిట పట్టు తప్పి కరిగిన సీసం కాళ్ళ మీద పడిందట. అక్క నిండు నెలలతో ఆసుపత్రికి పరుగెత్తింది. ఆయన బతికాడు గానీ, మంచం మీంచి లేవలేదు. కూతురు పుట్టిన కబురు వినేదాకా ఉండి, విన్న మర్నాడు పోయాడు.

పుట్టింది గుప్పెడంత పిల్ల. అయినా ఏడ్చింది, గట్టిగా ఏడ్చింది. కొలిమి వీధి ఆడవాళ్ళు తాత గది గుమ్మం దగ్గర నిలబడి ఆ ఏడుపు చాలాసేపు విన్నారు. వాళ్ళలో ఇద్దరు వెళ్ళేటప్పుడు క్యానులు అడిగి నీళ్ళు పట్టుకుని వెళ్ళారు. కొలుములు మాత్రం ఆగలేదు.

ఏడో నెలలో పిల్లకి కింది చిగురు మీద తెల్లటి గీత కనిపించింది. ఆ రోజు పొద్దున ఎముకల విభాగంలో ఎవరూ పని మొదలుపెట్టలేదు. తాత బ్రష్షు పట్టుకుని, పెద్దసారు కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని వరండాలో నిలబడ్డారు. నాలుకమ్మ మూడుసార్లు నోరు పుక్కిలించి, పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని, వంగి, నాలుక కొస ఆ గీతకి ఆనించింది.

తియ్యగా ఉంది.

ఒకసారి అబద్ధం చెప్పిన నోరది. అక్క మొహం చూస్తే మళ్ళీ చెప్పాలనిపించింది. “తీపి ఉందక్కా,” అంది. అక్క పిల్లని తీసుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. “ముందు బయటపడేది ముందు తయారైన కొనే కదమ్మా. అది ఆ వీధిలో తయారైంది. మిగతాది రానివ్వండి.”

అప్పట్నుంచి రోజూ పొద్దున, ఉప్పు ముట్టకుండా, టీ తాగకుండా, నాలుకమ్మ మొట్టమొదట చేసే పని అదే. పన్ను వెంట్రుకవాసి పైకి వచ్చేది. తీపే. ఇంకో వెంట్రుకవాసి. తీపే. అక్క అడగడం మానేసింది. తలుపు వెనక సుద్ద గీతలు గీయడం మాత్రం మళ్ళీ మొదలుపెట్టింది. ఇప్పుడు పది దాకా లెక్కపెట్టడం వచ్చిన బుడ్డది వాటిని లెక్కపెట్టి చెప్పేది, పది అయ్యాక మళ్ళీ ఒకటి నుంచి.

అలా రెండు పదులూ మూడు గీతలూ అయిన రోజున, నాలుకమ్మ వంగినది వంగినట్టే ఆగిపోయింది. నాలుక కొసని పన్ను మీద పైనుంచి కిందికి తెచ్చింది. మళ్ళీ పైకి తీసుకెళ్ళి, మళ్ళీ కిందికి తెచ్చింది. పిల్ల చిరాకుపడి ఆమె చెంప మీద చరిచింది. కింద ఏ రుచీ లేదు. కడిగిన రాయి నాలుక మీద ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆమె తల ఎత్తింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. అక్క చెయ్యి పట్టుకుని, చూపుడు వేలి గోరుని పిల్ల పన్ను మీద, కొనకి కాస్త కింద, కంటికి ఏమీ కనిపించని చోట ఆనించి పెట్టింది.

“ఇక్కడక్కా,” అంది. “ఇదిగో, ఇక్కడ నువ్వు వెళ్ళనని బల్ల మీద కూర్చున్నావు.”